బావిలోకి ఏం పంపాలి? యాసిడ్, సాల్వెంట్, స్క్వీజ్, ఫ్రాక్‌లలో ఏది ఎప్పుడు

చమురు, గ్యాస్ బావి ఉత్పత్తి సగానికి పడిపోయిందనగానే సైట్ మీద మొదట వినపడే మాట "ఒక యాసిడ్ జాబ్ కొట్టేద్దాం" అని. అంటే యాసిడ్ పంపి లోపలి అడ్డును కరిగించడం. యాసిడ్ చవక. పంపు లారీ, ట్యాంకులు దగ్గర్లోనే దొరుకుతాయి. ఒక్క రోజులో పని తెమిలిపోతుంది. ఆ ఒక్క రోజుకు ముందు చేయాల్సిన పరీక్షలు మాత్రం వారం పదిరోజులు పడతాయి, వాటినే చాలామంది దాటేస్తారు. తప్పు ద్రవం పంపితే బావి ఉన్నచోట ఉండదు, ఇంకా చెడుతుంది. అడుగున గడ్డకట్టినదాన్ని మళ్లీ కరిగించే ద్రవం చాలాసార్లు ఉండదు.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన ఇంజినీర్లు, వర్కోవర్ (బావి మరమ్మతు) సూపర్‌వైజర్లు, పెట్రోలియం విద్యార్థులు ఎంపికలో ఎక్కడ తడబడతారో అక్కడ ఎక్కువసేపు ఆగుతూ రాసినది ఇది. ఉదాహరణలు ఎక్కువగా కృష్ణా–గోదావరి బేసిన్ ఇసుకరాయి బావులవి. సున్నపురాయి అన్నప్పుడు ముంబై హై గుర్తుపెట్టుకోండి.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

అడ్డు ఎక్కడుంది? మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే. ఒక లెక్క చూద్దాం. బావి వ్యాసార్థం 10 సెంటీమీటర్లు, అది చమురు లాగే పరిధి 250 మీటర్లు. డ్రిల్లింగ్ మడ్ (తవ్వేటప్పుడు వాడే బురద ద్రవం) చొరబడి బావి మధ్య నుంచి 50 సెంటీమీటర్ల దాకా రాయి పర్మియబిలిటీ, అంటే ద్రవాన్ని పారనిచ్చే గుణం, పదో వంతుకు పడిపోయిందనుకోండి. స్కిన్, అంటే బావి చుట్టూ ఉన్న అడ్డును కొలిచే అంకె, సుమారు 14.5 వస్తుంది. బావి ఇవ్వాల్సిన దానిలో 35 శాతమే ఇస్తుంది. ఆ అర మీటరును పూర్తిగా శుభ్రం చేస్తే ఉత్పత్తి దాదాపు మూడు రెట్లవుతుంది.

ఇప్పుడు అదే బావికి ఏ డ్యామేజీ (ఇలాంటి అడ్డు) లేదనుకోండి. యాసిడ్ పోసి అదే అర మీటరులో పర్మియబిలిటీని పది రెట్లు పెంచారు. పెరిగే ఉత్పత్తి 23 శాతమే. అదే బావికి రెండు వైపులా చెరో 100 మీటర్ల పొడవున, లోపల బాగా పారే పగులు తెరిస్తే బావి వ్యాసార్థం 50 మీటర్లయినట్టు లెక్క. ఉత్పత్తి అయిదు రెట్ల దగ్గరికి వెళుతుంది.

అందుకే డ్యామేజీ ఉన్న బావికి యాసిడ్, డ్యామేజీ లేని బిగుతు రాయికి ఫ్రాక్ (ఒత్తిడితో రాయిని పగలగొట్టడం). రాయే బిగుతుగా ఉన్న చోట యాసిడ్ పోయడం ఖర్చు రాసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఏది ఏదో చెప్పేది ప్రెషర్ బిల్డప్ టెస్ట్, అంటే బావిని మూసి లోపలి ఒత్తిడి ఎలా పెరుగుతుందో చూడటం. అయితే అందులో వచ్చే స్కిన్ అంకె మొత్తం డ్యామేజీ అనుకోకండి. పొరలో కొంత భాగమే పర్ఫొరేట్ చేసి (కేసింగ్ పైపుకు రంధ్రాలు కొట్టి) ఉంటే స్కిన్ పెరుగుతుంది. గ్యాస్ బావిలో వేగం వల్ల పుట్టే టర్బులెన్స్ కూడా స్కిన్‌గానే కనిపిస్తుంది. మొత్తం స్కిన్ 20 ఉండి, అందులో డ్యామేజీ వాటా 6 మాత్రమే అయితే యాసిడ్ తీయగలిగేది ఆ ఆరునే. మిగతాదానికి మళ్లీ పర్ఫొరేట్ చేయాలి, లేదా చోక్ (బావి ప్రవాహాన్ని అదుపు చేసే వాల్వు) మార్చాలి.

రాయి ఏమిటి? కోర్ (బావి నుంచి తీసిన రాతి) ముక్క ఉంటే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఖనిజాలను గుర్తించే పరీక్ష) చేయించండి. హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం)లో కరిగే భాగం 20 శాతం దాటితే అది ఇసుకరాయి అయినా హెచ్‌ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం) జోలికి వెళ్లకూడదు. క్లే (బంకమట్టి ఖనిజాలు) ఎంత అన్నదానికంటే ఏ క్లే అన్నది ముఖ్యం. కయొలినైట్ కదిలి రంధ్రాలకు అడ్డం పడుతుంది, స్మెక్టైట్ మంచినీటికి ఉబ్బుతుంది, క్లోరైట్ హెచ్‌సీఎల్‌లోనే విరిగిపోయి ఇనుమును, జెల్ లాంటి సిలికాను వదులుతుంది.

అడ్డుపడిన పదార్థం ఏమిటి? వైర్‌లైన్ (బావిలోకి దించే తీగ) మీద వచ్చిన మురికిని పారేయకండి. చుక్క యాసిడ్ వేస్తే బుసబుసమని పొంగితే కాల్షియం కార్బొనేట్. పొంగక, చేతికి బరువుగా తోస్తే బేరియం సల్ఫేట్‌ను అనుమానించాలి. జైలీన్ అనే సాల్వెంట్‌లో, డీజిల్‌లో రెండింట్లోనూ కరిగితే మైనం. జైలీన్‌లో మాత్రమే కరిగితే ఆస్ఫాల్టీన్ (ముడిచమురులోని తారులాంటి బరువైన భాగం). పది నిమిషాల పరీక్ష ఇది. దీన్ని చేయకపోవడం వల్ల పోయిన బావులు తక్కువేం కాదు.

వేడి, లోహం, తిరిగి తీసే బలం. అడుగు ఉష్ణోగ్రత ఎంత, ట్యూబింగ్ (చమురు పైకి వచ్చే పైపు) మామూలు ఉక్కా లేక 13 శాతం క్రోమియమా, పంపిన ద్రవాన్ని వెనక్కి నెట్టే ఒత్తిడి రిజర్వాయర్‌లో ఉందా అన్నవి చివరి వడపోత. ఒత్తిడి చచ్చిన బావిలో నైట్రోజన్ ఏర్పాటు లేకుండా ఏ ద్రవమూ పంపకూడదు.

## సున్నపురాయికి: హెచ్‌సీఎల్

ఇది అన్నిటికంటే సులువైన కేసు. ముంబై హై ఎల్‌–3 లాంటి సున్నపురాయి పొరల్లో 15 శాతం హెచ్‌సీఎల్ డ్యామేజీని కరిగించడంతో ఆగదు, దాన్ని దాటి రాయిలోకి పురుగు తొలిచినట్టు సన్నటి దారులు చేసుకుంటూ పోతుంది. ఒక ఘనమీటరు 15 శాతం యాసిడ్ సుమారు 220 కిలోల కాల్సైట్‌ను తింటుంది. మెల్లగా పంపితే బావి గోడనే తినేసి ఆగిపోతుంది కాబట్టి, రాయి పగలని ఒత్తిడిలో వీలైనంత వేగంగా పంపాలి.

మార్కెట్లో దొరికే 33 శాతం యాసిడ్‌తో 10 ఘనమీటర్ల 15 శాతం ద్రవం చేయాలంటే సుమారు 4.2 ఘనమీటర్ల యాసిడ్, 5.8 ఘనమీటర్ల నీరు కావాలి. ముందు నీరు, తర్వాత యాసిడ్. ఈ వరస తిరగేయకూడదు.

ఇనుము, ఉక్కు సంగతి మాత్రం తేలిక కాదు. హెర్మన్ ఫ్రాష్ బావుల యాసిడ్ పేటెంట్ తీసుకున్నది 1896లో. 1932లో మిషిగన్‌లో ఆర్సెనిక్ కలిపిన యాసిడ్ వాడేదాకా ఆ పద్ధతి మూలనపడే ఉంది, కేసింగ్‌ను తినేస్తోందనే. ఇప్పుడు వాడే ఇన్‌హిబిటర్లు (యాసిడ్ లోహాన్ని తినకుండా ఆపే మందులు) వేరు, లెక్క మాత్రం అదే: జాబ్ మొత్తంలో ట్యూబింగ్ నుంచి చదరపు మీటరుకు సుమారు 245 గ్రాములకు మించి లోహం పోకూడదు. వేడి 120 డిగ్రీలు దాటాక ఇన్‌హిబిటర్ ఖర్చు యాసిడ్ ఖర్చును మించిపోవచ్చు. తుప్పు పట్టిన పాత ట్యూబింగ్ అయితే ముందు కొద్దిపాటి యాసిడ్‌తో పైపును మాత్రమే కడిగి, ఆ ద్రవాన్ని పైకి తీసేయాలి. లేకపోతే ఆ తుప్పంతా కరిగి పొరలోకి వెళుతుంది. పీహెచ్ 2 దాటగానే ఫెర్రిక్ ఇనుము జిగురుగా అవక్షేపమై కూర్చుంటుంది. సిట్రిక్ యాసిడ్, ఎరిథోర్బిక్ యాసిడ్ కలిపేది దీన్ని ఆపడానికే.

## ఇసుకరాయికి: మడ్ యాసిడ్

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. క్వార్ట్జ్‌ను, క్లేను కరిగించేది హెచ్‌ఎఫ్ ఒక్కటే. 12 శాతం హెచ్‌సీఎల్, 3 శాతం హెచ్‌ఎఫ్ కలిపినది మామూలు మడ్ యాసిడ్. సైట్ మీద హెచ్‌ఎఫ్‌ను నేరుగా తేరు. ఒక ఘనమీటరు 15 శాతం హెచ్‌సీఎల్‌లో సుమారు 45 కిలోల అమ్మోనియం బైఫ్లోరైడ్ కలుపుతారు. ఆ చర్యలో కొంత హెచ్‌సీఎల్ ఖర్చయిపోతుంది, 15 కాస్తా 12 అయ్యేది అందుకే. దీన్ని గాజు సీసాలో శాంపిల్ తీయకండి, గాజును తింటుంది. ప్లాస్టిక్ సీసాలే వాడాలి.

అన్ని రాళ్లకూ 12:3 సరిపోదు. రాయిని బట్టి బలం తగ్గించాలి:

- పర్మియబిలిటీ 100 మిల్లీడార్సీలు (పర్మియబిలిటీ కొలత) మించి, క్వార్ట్జ్ 80 శాతం పైన, క్లే 5 శాతం లోపు ఉంటే: 12 శాతం హెచ్‌సీఎల్, 3 శాతం హెచ్‌ఎఫ్
- ఫెల్డ్‌స్పార్ 20 శాతం దాటితే: 13.5, 1.5
- క్లే 10 శాతం దాటితే: 6.5, 1
- ఇనుమున్న క్లోరైట్ ఎక్కువైతే: 3, 0.5
- 10 మిల్లీడార్సీల లోపు రాయి, క్లే తక్కువైతే: 6, 1.5

బలం ఎక్కువైతే మేలు ఎక్కువ అన్న ఆశ ఇక్కడ పనికిరాదు. హెచ్‌ఎఫ్ రాతి గింజలను పట్టి ఉంచే బంధాన్నే తినేస్తే ఇసుక బావిలోకి కూలుతుంది. పైగా కరిగిన సిలికా మళ్లీ జెల్‌గా అవక్షేపమవుతుంది.

మూడు దశలు, మూడింట్లో ఏదీ వదలకూడదు. మొదట ప్రీఫ్లష్: 5 నుంచి 15 శాతం హెచ్‌సీఎల్, పర్ఫొరేషన్ మీటరుకు 0.6 ఘనమీటర్లు. 15 శాతం పోరాసిటీ (రంధ్రాల వాటా) ఉన్న రాయిలో ఇది సుమారు 1.13 మీటర్ల దూరం వెళుతుంది. దీని పని కార్బొనేట్‌ను కరిగించడం, పొరలోని ఉప్పునీటిని దూరం నెట్టడం. కాల్షియం మిగిలితే హెచ్‌ఎఫ్‌తో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా గడ్డకడుతుంది. సోడియం, పొటాషియం తగిలితే వాటి ఫ్లోసిలికేట్లు ఏర్పడతాయి. రెండోది మడ్ యాసిడ్, మీటరుకు 1.2 నుంచి 1.8 ఘనమీటర్లు. మూడోది ఓవర్‌ఫ్లష్, 3 నుంచి 5 శాతం అమ్మోనియం క్లోరైడ్, కనీసం మడ్ యాసిడ్ అంత పరిమాణం. బావిని చంపడానికి, అంటే ప్రవాహం ఆపడానికి, వాడే పొటాషియం క్లోరైడ్ కిల్ ద్రవాన్ని ఓవర్‌ఫ్లష్‌గా వాడటం పదేపదే జరిగే పొరపాటు, అలవాటుగా ఆ ట్యాంకు వాల్వే తిప్పేస్తారు. ఆ రోజు ఆ లైనును విప్పేయించడమే మంచిది.

నీటి విషయం కోనసీమ సైట్లలో ప్రత్యేకంగా చూసుకోవాలి. తీరం వైపు బోరు నీరు చాలాచోట్ల ఉప్పన. ఉప్పంటే సోడియమే కదా. అమ్మోనియం క్లోరైడ్ ద్రావణానికి పరీక్ష చేసిన కాలువ నీరే నయం. వేసవిలో కాలువలు కట్టేసే రోజుల్లో జాబ్ పెట్టుకుంటే ట్యాంకర్లు ముందే మాట్లాడుకోవాలి.

మడ్ యాసిడ్ పంపాక బావిని మూసి ఉంచకండి. వెంటనే వెనక్కి తీయాలి. "రాత్రంతా నానబెడదాం" అన్నది సాల్వెంట్‌కు చెల్లుతుంది, హెచ్‌ఎఫ్‌కు చెల్లదు. నానేకొద్దీ అవక్షేపాలు పెరుగుతాయి.

## వేడి బావులకు: సేంద్రియ ఆమ్లాలు, కీలేటింగ్ ద్రవాలు

కృష్ణా–గోదావరి లోతు బావుల్లో అడుగు ఉష్ణోగ్రత 150 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అక్కడ హెచ్‌సీఎల్ క్లేలను విరగ్గొడుతుంది, క్రోమియం ట్యూబింగ్‌ను కొరుకుతుంది. ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాలు మెత్తగా పనిచేస్తాయి కాబట్టి లోపలికి ఎక్కువ దూరం పోతాయి. రెండింటికీ పై హద్దు దాదాపు 10 శాతమే. ఫార్మిక్ అది దాటితే కాల్షియం ఫార్మేట్ అవక్షేపంగా పడుతుంది. కరిగించే సత్తువ తక్కువ, ధర ఎక్కువ.

జీఎల్‌డీఏ లాంటి కీలేటింగ్ ద్రవాలు ఇంకో మెట్టు. పీహెచ్ 4 దగ్గర, 20 శాతం గాఢతతో వాడితే కాల్షియాన్ని, ఇనుమును రెండింటినీ పట్టుకుంటాయి, లోహానికి దాదాపు ఇబ్బంది ఉండదు, నేలలో విచ్ఛిన్నమవుతాయి. ఇది తయారయ్యేది నూడిల్స్‌లో వేసే అజినోమోటోలోని గ్లుటమేట్ నుంచే. అలాగని మెత్తని మందే కదా అని ఎక్కడపడితే అక్కడ పోసేది కాదు: 80 డిగ్రీల మామూలు బావికి ఈ ఖర్చు దండగ, అక్కడ ఇన్‌హిబిటర్ కలిపిన హెచ్‌సీఎల్ చాలు.

## మైనం, ఆస్ఫాల్టీన్: సాల్వెంట్

అడ్డు సేంద్రియమైతే యాసిడ్ ముట్టుకోకండి. ఆస్ఫాల్టీన్ ఉన్న ముడిచమురుకు హెచ్‌సీఎల్ తగిలితే తారులాంటి స్లడ్జ్ తయారవుతుంది, ఇనుము తోడైతే మరీను. ఏ యాసిడ్ జాబ్‌కైనా ముందు, ఇనుము కలిపిన యాసిడ్‌ను బావి ముడిచమురుతో సగంసగం కలిపి, రిజర్వాయర్ వేడిలో ఉంచి, 100 మెష్ జల్లెడలో వడకట్టి చూడాలి. జల్లెడ మీద ఏమైనా మిగిలితే ఆ మిశ్రమం పంపకూడదు.

మైనానికి వేడి చమురు చవకైన దారి. అయితే యాన్యులస్ (ట్యూబింగ్, కేసింగ్ మధ్య ఖాళీ) నుంచి పోస్తే కరిగిన మైనం అడుగుకు జారి, చల్లబడి, పర్ఫొరేషన్లలోనే దిగబడే ప్రమాదం ఉంది. ఆస్ఫాల్టీన్‌కు జైలీన్ కావాలి. డీజిల్ పోస్తే కరగకపోగా ఇంకా అవక్షేపమవుతుంది. జైలీన్ పంపి 12 నుంచి 24 గంటలు నానబెట్టాలి. దీని ఫ్లాష్ పాయింట్ 30 డిగ్రీల దగ్గర. రాజమండ్రి మే నెల మధ్యాహ్నం దానికంటే పదిహేను డిగ్రీల దాకా ఎక్కువ ఉండొచ్చు. ఆ జాబ్‌లు తెల్లవారుజామున పెట్టుకోవడం, లైన్లన్నీ ఎర్త్ చేయడం అతిజాగ్రత్త అనిపించుకోదు.

## స్కేల్: కరిగించడమా, రాకుండా చూడటమా

స్కేల్ అంటే నీటిలోని ఖనిజాలు గట్టి పొరగా పేరుకోవడం. కాల్షియం కార్బొనేట్‌ను హెచ్‌సీఎల్ తేలిగ్గా తీసేస్తుంది. మూడు నెలల్లో అది మళ్లీ వస్తుంటే ప్రతిసారీ యాసిడ్ పోయడం ఒక పద్ధతి, ఇన్‌హిబిటర్ (ఇక్కడ స్కేల్ రాకుండా ఆపే మందు) స్క్వీజ్ ఇంకో పద్ధతి. బేరియం సల్ఫేట్ హెచ్‌సీఎల్‌కు లొంగదు. దానికి పీహెచ్ 12 దగ్గర డీటీపీఏ అనే కీలేటింగ్ ద్రవం కావాలి, అది కూడా పలచటి పొరల మీదే పనిచేస్తుంది. సముద్రపు నీటిని ఇంజెక్ట్ చేసే ఆఫ్‌షోర్ క్షేత్రాల్లో ఈ బెడద ఎక్కువ, అక్కడ రాకుండా చూసుకోవడమే దారి.

స్క్వీజ్‌లో ఫాస్ఫొనేట్ లాంటి ఇన్‌హిబిటర్‌ను 5 నుంచి 15 శాతం ద్రావణంగా పొరలోకి పంపి, ఓవర్‌ఫ్లష్‌తో రెండు మూడు మీటర్ల లోపలికి నెట్టి, 12 నుంచి 24 గంటలు మూసి ఉంచుతారు. మందు రాతికి అంటుకుని, ఉత్పత్తి నీటితోపాటు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. 10 మీటర్ల పొర, 20 శాతం పోరాసిటీ, 2.5 మీటర్ల దూరం అయితే నింపాల్సిన ఖాళీ సుమారు 39 ఘనమీటర్లు. దీని వల్ల ఉత్పత్తి పెరగదు, ఉన్నది పోకుండా ఉంటుంది. పై అధికారికి ఈ తేడా ముందే చెప్పి పెట్టడం మంచిది. వెనక్కి వచ్చే నీటిలో ఇన్‌హిబిటర్ ఎన్ని పీపీఎం ఉందో నెలనెలా కొలవాలి. ఆ బావికి కావాల్సిన కనీస హద్దుకు దిగగానే మళ్లీ స్క్వీజ్ చేయాలి. మామూలుగా అది మూడు నెలల నుంచి ఏడాది.

## బిగుతు రాయికి: హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్

మండపేట ఇసుకరాయి లాంటి బిగుతు గ్యాస్ పొరల్లో పైవన్నీ పక్కన పెట్టాల్సిందే. రాయి పగిలే ఒత్తిడి దాటించి, ఆ పగుల్లోకి ప్రాపెంట్ (ఇసుక లాంటి గట్టి గింజలు) నింపి, మూసుకోకుండా నిలబెట్టడం దీని పని. 1947లో కాన్సాస్‌లోని హ్యూగొటన్ గ్యాస్ క్షేత్రంలో మొదట ప్రయోగించారు, 1949లో ఓక్లహామా, టెక్సస్‌లలో వ్యాపారంగా మొదలైంది.

ప్రాపెంట్‌ను మోసే చిక్కటి ద్రవం గార్ గమ్‌తో తయారవుతుంది. గార్ అంటే మనం కూర వండుకునే గోరుచిక్కుడే. దాని ఎండిన గింజ లోపలి భాగాన్ని పొడి చేస్తే వచ్చేది ఈ గమ్. ప్రపంచానికి ఎక్కువ భాగం రాజస్థాన్ నుంచే పోతుంది. 2012లో అమెరికా షేల్ బావుల గిరాకీకి దీని ధర ఆకాశానికంటింది. ఘనమీటరుకు 2.4 నుంచి 4.8 కిలోలు కలుపుతారు. బోరేట్‌తో, పీహెచ్ 9 నుంచి 11 మధ్య, ద్రవం సాగే జెల్ అవుతుంది. బాగా వేడి బావులకు జిర్కోనియం క్రాస్‌లింకర్ (జెల్‌గా బిగించే మందు) కావాలి. పని అయ్యాక ఈ జెల్ మళ్లీ నీరులా పలచబడాలి, దానికి పర్సల్ఫేట్ లేదా ఎంజైమ్ బ్రేకర్. రిజర్వాయర్ వేడిలో ఎన్ని గంటలకు విరుగుతుందో ల్యాబ్‌లో చూడకుండా పంపితే, ప్రాపెంట్ మధ్యలో జెల్ మిగిలి, డబ్బు పెట్టి తెరిచిన పగులును మనమే మూసినట్టవుతుంది.

ప్రాపెంట్ ఎంపికకు చిన్న లెక్క. 3,500 మీటర్ల లోతు, మీటరుకు 0.16 కేఎస్‌సీ (చదరపు సెంటీమీటరుకు కిలోలు) చొప్పున పగులు మూసే ఒత్తిడి 560 కేఎస్‌సీ. బావి అడుగున పారే ఒత్తిడి 150 అనుకుంటే, ప్రాపెంట్ మీద పడే భారం 410 కేఎస్‌సీ, అంటే 5,800 పీఎస్ఐ పైమాటే. మామూలు ఇసుక 4,000 నుంచి 6,000 మధ్య నలిగిపోవడం మొదలవుతుంది. బావి ఒత్తిడి ఏటా తగ్గేకొద్దీ భారం ఇంకా పెరుగుతుంది. ఇక్కడ ఇసుకతో మిగుల్చుకునే డబ్బు రెండేళ్లు కూడా నిలవదు, సిరామిక్ తీసుకోవాలి.

పెద్ద జాబ్‌కు ముందు ప్రాపెంట్ లేకుండా చిన్న మినీఫ్రాక్ చేసి, రాయి ఎంత ద్రవం తాగేస్తోందో, ఏ ఒత్తిడికి మూసుకుంటోందో చూడాలి. లీకాఫ్, అంటే రాయి తాగే ద్రవం, ఎక్కువని తేలితే మొదట వెళ్లే ఖాళీ జెల్, అంటే ప్యాడ్, పెంచాలి. ప్యాడ్ తక్కువైతే ప్రాపెంట్ మధ్యలోనే ఇరుక్కుని ఒత్తిడి నిట్టనిలువుగా ఎక్కుతుంది. అదే స్క్రీనౌట్. అప్పుడు పంపును ఆపడం తప్ప చేసేదేం ఉండదు, ట్యూబింగ్ నిండా మిగిలిన ప్రాపెంట్‌ను కాయిల్డ్ ట్యూబింగ్‌తో (చుట్టగా ఉండే సన్నటి పైపుతో) కడుక్కోవాలి. చివరి ఫ్లష్‌ను లెక్క కంటే కొంచెం తక్కువే పంపాలి. ఎక్కువైతే బావి గోడ దగ్గరి ప్రాపెంట్ లోపలికి పోయి, అక్కడే పగులు మూసుకుంటుంది.

ఫ్రాక్ వద్దనాల్సిన చోట్లు రెండు. కింద కొద్ది మీటర్లలోనే నీటి పొర ఉండి, మధ్యలో గట్టి షేల్ లేకపోతే పగులు నీటిలోకి దిగుతుంది. సిమెంట్ బాండ్ లాగ్ (కేసింగ్ వెనక సిమెంట్ పట్టును చూపే కొలత) బాగా లేకపోతే ద్రవం కేసింగ్ వెనక దారి పట్టి అసలు పొరను వదిలేస్తుంది.

## నీరు ఆపే జెల్

వచ్చే ద్రవంలో నీటి వాటా (వాటర్ కట్) 90 శాతం దాటిన బావికి యాసిడ్ పోస్తే ఎక్కువసార్లు నీరే పెరుగుతుంది. క్రోమియం అసిటేట్‌తో గట్టిపడే పాలిమర్ జెల్ సుమారు 90 డిగ్రీల దాకా నిలుస్తుంది. అయితే జెల్‌కు ముందు, ఆ నీటి పొరను బ్రిడ్జ్ ప్లగ్‌తో (పైపు లోపల బిగించే బిరడాతో) విడదీయగలరా అని చూడండి. చాలాసార్లు అదే చవక.

## ఒక్కచోట చూసుకోవడానికి

| ద్రవం | సరిపోయే సమస్య | వద్దనాల్సిన చోటు | మూసి ఉంచాలా |
|---|---|---|---|
| 15 శాతం హెచ్‌సీఎల్ | సున్నపురాయి, కార్బొనేట్ స్కేల్ | ఆస్ఫాల్టీన్ చమురు, క్లోరైట్, అతివేడి | అక్కర్లేదు |
| మడ్ యాసిడ్ | ఇసుకరాయిలో క్లే, మడ్ డ్యామేజీ | కార్బొనేట్ 20 శాతం పైన | అసలు వద్దు |
| సేంద్రియ ఆమ్లం, కీలేట్ | వేడి బావి, క్రోమియం పైపు | మామూలు వేడి, తక్కువ బడ్జెట్ | ల్యాబ్ చెప్పినంత |
| సాల్వెంట్ | మైనం, ఆస్ఫాల్టీన్ | ఖనిజ స్కేల్ | 12–24 గంటలు |
| ఇన్‌హిబిటర్ స్క్వీజ్ | పదేపదే వచ్చే స్కేల్ | పొడి గ్యాస్ బావి, ఒత్తిడి లేని బావి | 12–24 గంటలు |
| ఫ్రాక్ | డ్యామేజీ లేని బిగుతు రాయి | దగ్గర్లో నీటి పొర, చెడ్డ సిమెంట్ | జెల్ విరిగేదాకా |

## ఎవరికి ఏది

పాత ఇసుకరాయి చమురు బావి, వర్కోవర్ తర్వాత ఉత్పత్తి తగ్గింది: డ్యామేజీ కిల్ ద్రవం వల్ల అయ్యుంటుంది. ముందు మ్యూచువల్ సాల్వెంట్ (నూనెలోనూ నీటిలోనూ కలిసేది) కలిపిన అమ్మోనియం క్లోరైడ్‌తో చిన్న ప్రయత్నం చేయండి. ఎమల్షన్ (నూనె, నీరు కలిసిన చిక్కటి మిశ్రమం) లేదా నీటి అడ్డు అయితే దానితోనే తేలిపోతుంది. మడ్ యాసిడ్ దాకా పోనక్కర్లేదు.

మొదటి నుంచీ సన్నగా ఇస్తున్న గ్యాస్ బావి: స్కిన్ సున్నా దగ్గరుంటే ఫ్రాక్ ఒక్కటే. బడ్జెట్ లేదని యాసిడ్‌తో సరిపెట్టడం కంటే ఆ డబ్బు దాచుకోవడం మేలు.

పొడవైన పర్ఫొరేషన్, పొరల పర్మియబిలిటీ ఒకదానితో ఒకటి పొసగదు: ద్రవం కంటే ముందు డైవర్షన్ గురించి ఆలోచించండి. యాసిడ్ ఎప్పుడూ సులువైన దారినే పోతుంది, బాగున్న పొర ఇంకా బాగుపడి, చెడ్డది అలాగే ఉంటుంది. కాయిల్డ్ ట్యూబింగ్‌తో పొర పొరకూ పంపడమో, మధ్యలో ఫోమ్ పెట్టడమో చేయాలి.

ఇంటర్వ్యూకు తయారవుతున్న విద్యార్థికి ఒక మాట: రాజస్థాన్ మంగళ క్షేత్రంలో చేసే పాలిమర్ ఇంజెక్షన్‌ను ఈ జాబితాలో కలపకండి. అది రిజర్వాయర్ మొత్తాన్ని తుడిచే ఏళ్ల తరబడి పని, ఇక్కడ చెప్పుకుంటున్నది ఒక్క బావి చుట్టుపక్కల సంగతి.

## పంపు రోజున

యాసిడ్ జాబ్‌లో రాయి పగలకూడదు. లోతు 2,500 మీటర్లు, పగిలే ఒత్తిడి మీటరుకు 0.16 కేఎస్‌సీ అయితే అడుగున హద్దు 400. బావి నిండా 1.07 సాంద్రత యాసిడ్ ఉంటే దాని బరువే 267. మిగిలింది 133. అందులో 15 భద్రతకు తీసేస్తే వెల్‌హెడ్ దగ్గర 118 కేఎస్‌సీ. పైపు రాపిడికి పోయే ఒత్తిడి దీనికి కలుస్తుంది నిజమే, కానీ దాన్ని అంచనాతో కలిపేసి హద్దు పెంచుకోకండి. పంపు ఒక్క క్షణం ఆపి ఎంత పడిపోయిందో చూస్తే రాపిడి ఎంతో తెలుస్తుంది.

రేటు మార్చకుండా పంపుతున్నప్పుడు యాసిడ్ పర్ఫొరేషన్లకు చేరగానే ఒత్తిడి మెల్లగా దిగడం మొదలవ్వాలి. ఒక్కసారిగా కూలిందంటే రాయి పగిలి ఉండాలి, లేదా ఒకే పొర మొత్తం తాగేస్తూ ఉండాలి. మొత్తం పరిమాణం వెళ్లినా కదలకపోతే డ్యామేజీ మీరనుకున్నది కాదు, ఇంకో ట్యాంకు పంపినా లాభం లేదు. ఎక్కుతూ పోతే లోపల స్లడ్జో ఎమల్షనో తయారవుతోంది, ఆపండి.

మడ్ యాసిడ్ ఉన్న సైట్‌లో 2.5 శాతం కాల్షియం గ్లూకొనేట్ జెల్ చేతికందే దూరంలో ఉండాలి. హెచ్‌ఎఫ్ చర్మం మీద పడితే వెంటనే మంట పుట్టకపోవచ్చు, గంటల తర్వాత నొప్పి మొదలయ్యేసరికి అది లోపలికి దిగిపోయి ఉంటుంది. నొప్పి లేదని వదిలేయకుండా నీటితో కడిగి, జెల్ రాసి, ఆసుపత్రికి పంపాలి.

వెనక్కి వచ్చే ద్రవాన్ని ప్రతి గంటకూ పట్టి పీహెచ్, ఇనుము, క్లోరైడ్ చూడండి. ఇంకా ఒక శాతం యాసిడ్ మిగిలి వస్తుంటే ఘనమీటరుకు సుమారు 15 కిలోల సోడా యాష్ పడుతుంది. ఆ ద్రవాన్ని షీటు పరిచిన గుంటలోకే వదలాలి. పక్కన వరి చేనో రొయ్యల చెరువో ఉండే కోనసీమలో గట్టు తెగితే జరిగే నష్టం బావి ఖాతాలో పడదు. పీహెచ్ 5 దాటి, మడ్డి తగ్గి, గ్యాస్ నిలకడగా మండేదాకా సెపరేటర్‌లోకి (చమురు, గ్యాస్, నీటిని వేరుచేసే పాత్రలోకి) మళ్లించకూడదు.